బొమ్మ ఊరికి, హక్కు మనకి

మీరు తిరుపతిలోనో చిత్తూరులోనో స్టూడియో నడుపుతున్నారు. లేదంటే వారమంతా ఉద్యోగం చేసుకుని, ఆదివారం వస్తే కెమెరా సంచి భుజాన వేసుకుని తలకోనకో నేలపట్టుకో బయల్దేరే మనిషి మీరు. తీసిన వాటిలో మంచివి ఏరి సొంత వెబ్‌సైట్‌లో పెట్టుకున్నారు. ఒకరోజు స్నేహితుడు ఏదో ట్రావెల్స్ వాళ్ళ లింకు పంపిస్తాడు. తెరిస్తే 'తిరుపతి చుట్టుపక్కల రెండు రోజుల ప్యాకేజీ' అని పేజీ. పైన నిండుగా చంద్రగిరి కోట, వాన వెలిసిన సాయంత్రం మీరు తీసిందే. మీ పేరు మాత్రం ఎక్కడా లేదు. ఫోన్ చేసి అడిగితే అవతలి మనిషి ఏమంటాడు?

"గూగుల్లో ఉండింది, తీసుకున్నాం సామీ. దాంట్లో తప్పేముండాది?"

కోపం వస్తుంది, రావాల్సిందే. కానీ ఆ కోపంలో చాలామంది రెండింటిలో ఒకటి చేస్తారు. కొందరు సైట్‌లోంచి ఫొటోలన్నీ తీసేస్తారు, కొందరు 'నెట్‌లో పెట్టాక ఇంతేలే' అని వదిలేస్తారు. తీసేస్తే గిరాకీ మీ దాకా రాదు. వదిలేస్తే మీ పనికి ధర లేదని మీరే ఒప్పుకున్నట్టు. ఈ రెండూ కాకుండా ఇంకో దారి ఉంది, ఈ అధ్యాయం దాని గురించే.

ముందు ఒక నిజం ఒప్పుకుందాం. తెర మీద కనబడే ఏ బొమ్మనైనా ఎవరో ఒకరు తీసుకోగలరు. స్క్రీన్‌షాట్ కొట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అందుకే 'ఎవరూ తీసుకోకూడదు' అనే పంతం పక్కన పెట్టి, మూడు సంగతులు చూసుకోండి. తీసుకున్నా అది పెద్ద పనికి పనికిరాకూడదు. ఎక్కడికి పోయినా మీ పేరు దాని వెంట పోవాలి. అడగాల్సి వచ్చిన రోజున మీదేనని చూపించే ఆధారం మీ చేతిలో ఉండాలి. బయట పెట్టే బొమ్మ చిన్నది, ఇంట్లో దాచుకునే ఆధారం పెద్దది. ఇక పనిలోకి దిగుదాం.

1. పెద్ద ఫైలు బయట పెట్టకండి

24 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చే ఫొటో సుమారు 6000 × 4000 పిక్సెళ్ళు ఉంటుంది. 300 డీపీఐ లెక్కన అది 20 × 13 అంగుళాల అచ్చుకు సరిపోతుంది. అంటే అలాంటి ఫైలు సైట్‌లో పెట్టడం క్యాలెండర్ వేసుకొమ్మని నెగటివ్ చేతికిచ్చినట్టే. అదే ఫొటోను పొడుగు వైపు 1200 పిక్సెళ్ళకు తగ్గించండి. అదే లెక్కన 4 అంగుళాల అచ్చుకు మాత్రమే వస్తుంది. ఫోన్‌లో చూసేవాళ్ళకు అది నిండుగానే కనబడుతుంది. ఆరడుగుల ఫ్లెక్సీకి లాగితే మాత్రం అంగుళానికి 16, 17 పిక్సెళ్ళే మిగిలి, దగ్గర నుంచి చూస్తే గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది. మన మామిడి మండీల్లో కాయ కోసి ముక్క రుచి చూపిస్తారు గానీ గంప ఎత్తి చేతికివ్వరు కదా? సైట్‌లో పెట్టేది ముక్క, గంప కాదు.

ఇక్కడ మనవాళ్ళు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. ఫొటోషాప్‌లో 'రిజల్యూషన్ 72' అని మార్చి, పిక్సెళ్ళు అలాగే ఉంచి ఎక్కించేస్తారు. ఆ 72 తెర మీద ఏ పనీ చేయదు. చూసుకోవాల్సింది పిక్సెళ్ళ లెక్క. జేపెగ్ క్వాలిటీ 70–80 మధ్య పెడితే ఫైలు తేలికవుతుంది, పేజీ కూడా తొందరగా తెరుచుకుంటుంది.

"చిన్న బొమ్మను పెద్దది చేసే ఏఐ పనిముట్లు వచ్చాయి కదన్నా?" అంటారా? వచ్చాయి. అవి లేని వివరాన్ని ఊహించి నింపుతాయి. శ్రీకాళహస్తి కలంకారీ గీతల్లో, గోపురం మీది శిల్పాల్లో ఆ ఊహ పక్కపక్కన పెట్టి చూస్తే దొరికిపోతుంది. అసలు ఫైలు మీ దగ్గర మాత్రమే ఉందన్నది అప్పుడు అక్కరకొస్తుంది.

2. లోపల మిగిలిన పాత ఫైళ్ళ సంగతి చూడండి

మీ సైట్ వర్డ్‌ప్రెస్ మీద నడుస్తోందా? అయితే ఇది శ్రద్ధగా చదవండి. 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ 2560 పిక్సెళ్ళు దాటిన బొమ్మను తనే తగ్గించి చూపిస్తుంది. ఆ తగ్గించిన ఫైలు పేరు చివర 'స్కేల్డ్' అని తగిలిస్తుంది. బాగానే ఉంది అనుకుంటాం. కానీ మీరు ఎక్కించిన పెద్ద ఫైలు సర్వర్‌లో అలాగే ఉంటుంది. చిరునామాలోంచి ఆ చివరి మాట తీసేస్తే అది తెరుచుకోవచ్చు. తెలిసినవాడికి అర నిమిషం పని.

కాబట్టి వర్డ్‌ప్రెస్ తగ్గిస్తుందిలే అని ఊరుకోకుండా, ఎక్కించే ముందే మీ కంప్యూటర్‌లో తగ్గించండి. పాతవి ఉంటే సైట్ చూసే అబ్బాయిని పిలిచి రెండు పనులు చెప్పండి: అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పెద్ద ఒరిజినళ్ళు తీసేయమనండి, ఫోల్డర్ జాబితా బయటివాళ్ళకు కనబడకుండా డైరెక్టరీ లిస్టింగ్ ఆపమనండి. తీసే ముందు వాటి నకళ్ళు మీ హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయో లేదో చూసుకోవడం మరవకండి.

3. పేరు బొమ్మ మీద ఉండాలి, మూలన కాదు

పేరు వేసుకోవడం మన దగ్గర కొత్తదేం కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ (1844–1905) ఫొటోల మీద ఆయన పేరు, నెగటివ్ నంబరు కనబడతాయి. ఆయన గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. నూరేళ్ళు దాటాక కూడా 'ఇది ఆయన తీసింది' అని గట్టిగా చెప్పగలుగుతున్నాం. పేరు, నంబరు, నెగటివ్ మూడూ మిగిలి ఉండబట్టే కదా?

మరి ఎక్కడ వేయాలి? కింద కుడి మూలన వేస్తే కత్తిరించడానికి రెండు క్షణాలు చాలు. నట్టనడుమ లావుగా వేస్తే చూసేవాడికే చిరాకు. ముఖ్యమైన వస్తువును తాకుతూ, పలచగా, కత్తిరిస్తే బొమ్మే పాడయ్యే చోట వేయండి. కోట గోడ మీద, జలపాతం పక్క బండ మీద, చీర కొంగు మీద.

దేవుడి ఫొటోలకు ఒక జాగ్రత్త ఉంది. ఊరేగింపులో వాహనం మీదున్న స్వామి ముఖం మీదో, అమ్మవారి అలంకారం మీదో పేరు వేస్తే భక్తులు నొచ్చుకుంటారు. ఆ నొచ్చుకోవడం మీ స్టూడియో పేరు మీదికే వస్తుంది. పేరును వాహనం కింది భాగానికో, తిరుచ్చి పల్లకి మోసే కర్రల దగ్గరికో దించండి. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషమో మాతంగి వేషమో అయితే ముఖం వదిలి వేషం మీదికి జరపండి.

అన్ని ఫొటోలకూ ఒకే చోట, ఒకే సైజులో, ఒకే గుర్తు వేయకండి. అలా ఒకే తీరుగా వేసిన గుర్తును ఒక సెట్ ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని కంప్యూటరే గుర్తుపట్టి చెరిపేయగలదని 2017లో గూగుల్ పరిశోధకులు చేసి చూపించారు. చోటు ఒక్కటే మారిస్తే చాలదని, ఫొటో ఫొటోకూ గుర్తు ఆకారాన్నే కొద్దిగా వంచి మారిస్తే చెరపడం కష్టమవుతుందని కూడా వాళ్ళే చెప్పారు.

4. పేరు బొమ్మ లోపల కూడా ఉండాలి

ప్రతి డిజిటల్ ఫొటోలో కంటికి కనబడని సమాచారం కొంత ఉంటుంది. దాన్ని మెటాడేటా అంటాం. తీసిన తేదీ, కెమెరా, లెన్స్ వివరాలు అందులో వాటంతటవే చేరతాయి. మీ పేరు, కాపీరైట్ గమనిక, ఈమెయిల్ మీరు చేర్చాలి. లైట్‌రూమ్‌లో ఒకసారి ప్రీసెట్ చేసి పెట్టుకుంటే, కార్డులోంచి ఫొటోలు దించుకున్న ప్రతిసారీ తనే నింపేస్తుంది. చాలా కెమెరాల మెనూలోనే పేరు పెట్టుకునే వీలుంది. ఈ రాత్రికే చూడండి.

మెటాడేటాలో నింపాల్సిన గళ్ళు ఇంకో రెండున్నాయి, హక్కుల పేజీ లింకు ఒకటి, లైసెన్సు అడగాల్సిన చోటు లింకు ఇంకొకటి. ఇవి నింపితే గూగుల్ ఇమేజెస్ ఆ ఫొటో మీద 'లైసెన్సబుల్' అనే గుర్తు చూపించగలదు. 2020 నుంచి ఈ ఏర్పాటు ఉంది. 'గూగుల్లో దొరికింది' అనేవాడికి గూగులే 'దీనికి యజమాని ఉన్నాడు' అని చెప్పినట్టు అవుతుంది.

ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఈ సమాచారమంతా ఊడిపోతుంది, సైజూ తగ్గిపోతుంది. గిరాకీకి అసలు ఫైలు పంపాల్సి వస్తే 'డాక్యుమెంట్'గా పంపండి.

ఉంచాల్సింది మీ పేరు. తీసేయాల్సింది ఇంకొకటి ఉంది: జీపీఎస్ గుర్తు. శేషాచలం అడవుల్లో దేవాంగ పిల్లో బంగారు బల్లో నక్షత్ర తాబేలో కనబడిందనుకోండి. ఫొటో లోపల ఆ చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉంటే, దొంగలకు దారి చూపించినవాళ్ళం మనమే అవుతాం. ఎర్రచందనం చెట్ల సంగతి వేరే చెప్పాలా? ఇంట్లో పిల్లల ఫొటోలకూ ఇదే జాగ్రత్త.

5. సైట్‌లో కాస్త అడ్డు పెట్టండి, దాన్ని నమ్ముకోకండి

చాలామంది మొదట వేసేది రైట్ క్లిక్ ఆపే ప్లగిన్. తెలియక తీసుకునేవాడిని అది ఆపుతుంది, తెలిసి తీసేవాడిని ఆపదు. వేయాలనుకుంటే వేయండి, కానీ అది వేశాం కదా అని పెద్ద ఫైళ్ళు ఎక్కించకండి.

దీనికంటే ఎక్కువ అక్కరకొచ్చేది హాట్‌లింకింగ్ ఆపడం. కొందరు మీ ఫొటోను దించుకోను కూడా దించుకోరు. మీ సర్వర్‌లో ఉన్న ఫొటో చిరునామానే తమ పేజీలో అతికిస్తారు. వాళ్ళ పేజీ ఎవరు చూసినా బ్యాండ్‌విడ్త్ ఖర్చు మీది! క్లౌడ్‌ఫ్లేర్‌లో హాట్‌లింక్ ప్రొటెక్షన్ అనే మీట ఉంది. మామూలు హోస్టింగ్ అయితే సీప్యానెల్‌లో ఉంటుంది. వేసేటప్పుడు గూగుల్ లాంటి సెర్చ్ ఇంజిన్లను మాత్రం అనుమతించండి, లేకపోతే మీ ఫొటోలు వెతికినా దొరకవు.

సైట్లు తిరిగి సమాచారం ఏరుకునే ఏఐ కంపెనీల బాట్లను మీ సైట్‌లోని రోబోట్స్ ఫైలులో (robots.txt) పేరు పెట్టి రావద్దనవచ్చు. ఓపెన్‌ఏఐ వాళ్ళది జీపీటీబాట్. అయితే అది విన్నపం వంటిదే, మర్యాద ఉన్న బాట్లే వింటాయి.

6. షరతులు తెలుగులో రాయండి, ధర కూడా రాయండి

'ఆల్ రైట్స్ రిజర్వ్‌డ్' అని ఒక్క ముక్క పెట్టి వదిలేయకండి. మామూలు మనిషికి అర్థమయ్యేలా ఒక పేజీ రాయండి:

- ఇక్కడి ఫొటోల హక్కు ఫలానా స్టూడియోది.
- చూడవచ్చు, లింకు పంచుకోవచ్చు.
- బడి ప్రాజెక్టులకు అడిగితే ఉచితంగా ఇస్తాం.
- లాడ్జీలు, ట్రావెల్స్, ప్రకటనలు, క్యాలెండర్లు, యూట్యూబ్ తంబ్‌నెయిళ్ళకు ముందుగా అనుమతి, ఫీజు తప్పనిసరి.
- అడగాల్సిన నంబరు, ఈమెయిల్ ఇదీ.

ధర రాయడం మొహమాటంగా ఉందా? అసలు చిక్కు అక్కడే. చాలామంది లాడ్జీల వాళ్ళకు, ట్రావెల్స్ వాళ్ళకు డబ్బిచ్చి ఫొటో కొనుక్కోవచ్చనే తెలియదు. ఎవరిని అడగాలో అసలే తెలియదు. ఒక సైజుకు, ఒక ఏడాదికి ఇంత అని పట్టిక కనబడితే, దొంగిలించేవాళ్ళలో కొందరు కొనేవాళ్ళవుతారు.

7. అసలు హక్కు మీదేనా? చూసుకోండి

ఇది విని చాలామంది స్టూడియోవాళ్ళు ఉలిక్కిపడతారు. మన దేశంలో కాపీరైట్ చట్టం 1957 నాటిది. మీరు మీకోసం తీసిన ఫొటోకు బటన్ నొక్కిన క్షణం నుంచే హక్కు మీది. ఎక్కడా రిజిస్టర్ చేయక్కర్లేదు. 2012 సవరణ తర్వాత ఫొటోలకు కూడా ఆ హక్కు తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు ఉంటుంది.

కానీ డబ్బు తీసుకుని ఒకరి కోసం తీసిన ఫొటో సంగతి వేరు. 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్ళే తొలి యజమానులు. అంటే చిత్తూరులో మీరు తీసిన పెళ్ళి ఫొటోల హక్కు, కాగితం లేకపోతే, పెళ్ళివాళ్ళది. ఆ ఫొటోను మీ సైట్‌లోంచి ఎవడో ఎత్తుకుపోతే, మీరు పోట్లాడబోతే 'హక్కు నీదా?' అనే ప్రశ్న ముందు మీకే ఎదురవుతుంది.

కాబట్టి అడ్వాన్సు రసీదు వెనకే మూడు వాక్యాలు రాసి సంతకం తీసుకోండి: ఫొటోల కాపీరైట్ స్టూడియోది, పెళ్ళివాళ్ళు ఇంట్లో, బంధువులతో, సొంత పేజీల్లో ఎంతైనా వాడుకోవచ్చు, స్టూడియో తన సైట్‌లో ఏవి పెట్టుకోవచ్చో వాళ్ళు టిక్ పెట్టాలి. ఆడపిల్ల తల్లిదండ్రులు 'వద్దయ్యా, అమ్మాయి ఫొటో నెట్‌లో పెట్టొద్దు' అంటే మారు మాట్లాడకుండా ఒప్పుకోండి. చట్టం సంగతి తర్వాత, ముందు మర్యాద.

మీ స్టూడియోలో జీతానికి పనిచేసేవాళ్ళు ఆ పనిలో భాగంగా తీసినవాటి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, మీది. రోజుకు ఇంత అని పిలిచే క్యాండిడ్ ఫొటోగ్రాఫర్‌తో మాత్రం వేరే కాగితం రాసుకోవాలి. హక్కు ఒకరి నుంచి ఒకరికి మారాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే అని చట్టం అనుకుంటుంది. ఒక ఊరట ఏమిటంటే, హక్కు అమ్మేసినా 'ఇది తీసింది నేనే' అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ ప్రకారం తీసినవారికే ఉంటుంది.

8. ఆధారం ఇంట్లో దాచండి

రా ఫైలు డిజిటల్ కాలపు నెగటివ్. నికాన్ అయినా కానన్ అయినా సోనీ అయినా, ఎంచుకున్న ఫొటోల రా ఫైళ్ళు చెరపకండి. దానికంటే గట్టి సాక్ష్యం ఇంకొకటి ఉంది, చాలామంది దాన్ని చెత్త అని తీసేస్తారు. అది ఆ ఫొటోకు ముందూ వెనకా తీసిన ఫ్రేములు. పాడైపోయినవి, కళ్ళు మూసినవి, వంకరవి, అన్నీ. ఎత్తుకుపోయినవాడి దగ్గర ఒక్క ఫొటోనే ఉంటుంది. మీ దగ్గర వరసంతా ఉంటుంది. ఎవరు తీశారో అప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

రెండు చోట్ల దాచండి, ఒకటి స్టూడియోలో, ఇంకొకటి ఇంట్లోనో క్లౌడ్‌లోనో. బాగా అమ్ముడుపోయే ఒకటి రెండు ఫొటోలుంటే కాపీరైట్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోవచ్చు. కళాకృతికి రూ. 500 ఫీజు. తప్పనిసరి కాదు, కానీ తగువులో అక్కరకొస్తుంది.

9. అప్పుడప్పుడు వెతకండి

గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో మీ ఫొటో ఎక్కించి చూడండి, ఇంకెక్కడెక్కడ ఉందో చూపిస్తుంది. రోజూ వెతుకుతూ కూర్చుంటే మనశ్శాంతి పోతుంది. మన ప్రాంతంలో ఎత్తుకుపోవడానికి కూడా ఒక కాలం ఉంది. మే నెల గంగమ్మ జాతర అయ్యాక, బ్రహ్మోత్సవాలు అయ్యాక, వైకుంఠ ఏకాదశి ముందు ప్యాకేజీల ప్రకటనలు మొదలైనప్పుడు, శ్రీహరికోట నుంచి పెద్ద రాకెట్ లేచిన మర్నాడు, కొత్త ఏడాది క్యాలెండర్లు అచ్చుకు పోయే అక్టోబరు–డిసెంబరులో. ఆ సమయాల్లో ఒక గంట పెట్టుకుంటే చాలు.

10. దొరికితే ఈ వరసలో పోండి

మొదట సాక్ష్యం, తర్వాత మాట. చాలామంది వెంటనే ఫోన్ తీస్తారు. అవతలివాళ్ళు ఫొటో తీసేస్తారు, 'మేమెప్పుడు పెట్టాం సామీ?' అంటారు. మీ చేతిలో ఏమీ మిగలదు. అందుకని:

ఒకటి, ఆ పేజీ మొత్తం చిరునామా, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి. వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీని దాచండి. విషయం కోర్టు దాకా పోయేట్టుంటే ఆ ఎలక్ట్రానిక్ ఆధారాలకు సర్టిఫికెట్ కావాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ దాని సంగతి చెబుతుంది. వకీలు చూసుకుంటారు, మీరు అసలు ఫైళ్ళు కదపకుండా ఉంచండి.

రెండు, మర్యాదగా రాయండి. ఇలా:

"నమస్కారం సార్. మీ వెబ్‌సైట్‌లో ఫలానా పేజీలో ఉన్న చంద్రగిరి కోట ఫొటో నేను తీసింది. ఒరిజినల్ ఫైలు నా దగ్గర ఉంది. అనుమతి లేకుండా వాడినట్టున్నారు. మీకు నచ్చితే కింద నా పేరు వేసి, ఏడాదికి ఈ ఫీజు కట్టి ఉంచుకోండి. వద్దనుకుంటే 7 రోజుల్లో తీసేసి నాకు తెలపండి."

బెదిరింపు లేదు, బతిమాలడమూ లేదు. రెండు దారులు, ఒక గడువు. చాలా గొడవలు ఇక్కడే తెగిపోతాయి.

మూడు, జవాబు రాకపోతే ఫొటో ఉన్న వేదికకు ఫిర్యాదు చేయండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, గూగుల్ సెర్చ్ అన్నిటికీ కాపీరైట్ ఫారాలు ఉన్నాయి. అమెరికాలో 1998లో వచ్చిన డీఎంసీఏ చట్టం కింద నడిచేవే అవి. మన కాపీరైట్ రూల్స్ 2013లో కూడా 75వ రూలు ఉంది. రాతపూర్వకంగా ఫిర్యాదు అందాక, అది సరైనదని తేలితే, లింకు చూపే లేదా తాత్కాలికంగా దాచే మధ్యవర్తి 36 గంటల్లో దాన్ని ఆపాలి. 21 రోజుల్లోపు మీరు కోర్టు ఉత్తర్వు తేలేకపోతే మళ్ళీ పెట్టుకోవచ్చు. ఫారంలో నిజమే రాయండి, మీది కాని ఫొటోను మీదని చెప్పుకోకండి.

నాలుగు, పెద్ద వ్యాపారం, పెద్ద నష్టం అయితే వకీలు దగ్గరికి పొండి. మీ ఫొటో వాడినవాళ్ళు ముంబైలో ఉన్నా, మీరు ఉండే చోటే జిల్లా కోర్టులో దావా వేసుకునే వీలు 62వ సెక్షన్ ఇస్తుంది. తెలిసి చేసిన దొంగతనానికి 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, రూ. 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టదగ్గ, బెయిలుకు హక్కు లేని నేరమని 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హక్కుల వివరాలను కావాలని చెరిపితే 65బీ సెక్షన్ కింద 2 ఏళ్ళ దాకా జైలు. ఇవన్నీ తెలిసి ఉండటం మంచిదే. ప్రతి వాట్సాప్ స్టేటస్ మీదికీ వీటిని ఎత్తుకుపోకండి.

మనవాళ్ళు పడే పొరపాట్లు

'సోషల్ మీడియాలో పెడితే హక్కు పోతుంది' అనుకోవడం. పోదు. 2010 జనవరి హైతీ భూకంపం ఫొటోలను డేనియల్ మోరెల్ అనే ఫొటోగ్రాఫర్ ట్విట్టర్‌లో పెడితే, ఏఎఫ్‌పీ, గెట్టీ సంస్థలు అనుమతి లేకుండా వాడుకున్నాయి. 2013 నవంబరులో న్యూయార్క్‌లో జ్యూరీ ఆయనకు 12 లక్షల డాలర్ల పరిహారం చెప్పింది. అందరికీ కనబడటం వేరు, అందరికీ ఇచ్చేయడం వేరు.

'సౌజన్యం: ఇంటర్నెట్' అని రాస్తే సరిపోతుందనుకోవడం. ఇంటర్నెట్ ఏ ఫొటో తీసింది? మీ సైట్‌లోనే ఇలాంటివి ఉంటే ముందు అవి తీసేయండి. మీ చేతులు శుభ్రంగా లేకపోతే ఇంకొకరిని అడిగే గొంతు పెగలదు.

ఫేస్‌బుక్‌లో దొంగ, దొంగ అని పోస్టు పెట్టడం. మన ఊళ్ళు చిన్నవి. ఇవాళ తిట్టిన లాడ్జి యజమాని రేపు కూతురి పెళ్ళికి ఫొటోగ్రాఫర్ కోసం వెతుకుతాడు. పరువునష్టం కేసు మీ మీదికే తిరగొచ్చు కూడా. ఫొటోతో పాటు ఫీజు పట్టిక పంపడం దానికంటే ఎక్కువ పని చేస్తుంది.

క్రియేటివ్ కామన్స్ కింద ఇచ్చేసి తర్వాత బాధపడటం. వికీమీడియా కామన్స్‌లో ఎక్కించడం మంచి పనే, తెలుగు వికీపీడియాకు మన ప్రాంతం ఫొటోలు కావాలి. కానీ ఆ లైసెన్సు వెనక్కి తీసుకోలేరు. షరతులు పాటిస్తే వ్యాపారులూ వాడుకోవచ్చు. ఊరికి ఇచ్చేవి ఏవో, అమ్ముకునేవి ఏవో ముందే వేరు చేసుకోండి.

ఎప్పుడు వదిలేయాలి?

విద్యార్థి తన ప్రాజెక్టులో పెట్టుకుంటే, పత్రికలో మీ ప్రదర్శన మీద సమీక్ష రాస్తూ ఒక ఫొటో చిన్నగా వేస్తే, 52వ సెక్షన్ వాళ్ళకు కొంత వెసులుబాటు ఇస్తుంది. పల్లెలో ఒక అవ్వ మీరు తీసిన అమ్మవారి ఫొటోను ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకుంటే? సంతోషించండి. మీ ఓపిక, సమయం డబ్బు సంపాదించేవాళ్ళ మీద పెట్టండి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

సైట్‌లో వెయ్యి ఫొటోలున్నాయి, ఇవన్నీ ఎప్పుడు చేసేది అని బెంబేలెత్తకండి. నిజానికి ఎత్తుకుపోయేవి మహా అయితే పదో పన్నెండో ఉంటాయి: కోట, కపిలతీర్థం, తలకోన జలపాతం, జాతర వేషం, పులికాట్ ఫ్లెమింగోలు, ఒక మంచి పెళ్ళి ఫొటో. వాటిని రాసుకోండి. ఒక్కొక్కటి 1200 పిక్సెళ్ళకు తగ్గించి, పేరు వేసి, లోపలి సమాచారం నింపి, పాతదాని స్థానంలో పెట్టండి. రా ఫైళ్ళు, చుట్టుపక్కల ఫ్రేములు ఒక ఫోల్డర్‌లో చేర్చండి. షరతుల పేజీ రాసి, కింద ధర పెట్టండి. ఒక ఆదివారం పని ఇది. మిగతా ఫొటోల సంగతి వచ్చే నెల చూసుకోవచ్చు. ఈ పన్నెండు భద్రమైతే మీ సైట్‌లో డబ్బు విలువ చేసే భాగం భద్రమైనట్టే.